పెరటి గోడ మీద గోరంత

నేను ప్లంబర్ని. ఇరవై మూడేళ్ళుగా కారే నీళ్ళని ఆపడమే నా పని. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పబోయేది విని మీరు నన్ను వేరే రకం మనిషి అనుకుంటారని. ఈమధ్య మూడు నెలలపాటు నేను నా సొంత ఇంట్లో, నా చేత్తో నేనే వేసిన పైపుకి వచ్చిన లీకుని పసిపిల్లని సాకినట్టు సాకాను. అందుకు కారణం మా మామయ్య. ఆయన్ని లోపల లోపల తిట్టుకుంటూనే సాకాను, అది వేరే విషయం.

నేనూ మా ఆవిడా మేడ మీద ఉంటాం. కింది వాటాలో ఆవిడ నాన్న, అంటే మా మామయ్య, ఉంటారు. నీళ్ళ మీటర్లు చదివే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మీటరు ఎవరింట్లోనూ హాల్లో ఉండదు. ఇంటి వెనక, చెమ్మ గోడ కింద, మూత సగం విరిగిన గుంటలో ఉంటుంది. రోజుకి యాభై అరవై గుంటల్లోకి తల దూర్చి అంకెలు రాసుకోవడం ఆయన ఉద్యోగం. ముప్పై ఎనిమిదేళ్ళు అలా తల దూర్చిన మనిషికి నడుం నొప్పి అయినా రావాలి, నాచు పిచ్చి అయినా పట్టాలి. ఆయనకి రెండూ దక్కాయి.

నాచంటే మనకి కాలు జారే వస్తువు. ఆయనకి అదే లోకం. మెడలో నల్లతాడుకి చిన్న భూతద్దం ఒకటి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన నా మొహం చూడలేదు. గుమ్మం దగ్గర విప్పిన నా చెప్పులు తిరగేసి, అడుగున అంటుకున్న పచ్చటి ముక్కని భూతద్దంతో చూసి, "ఎటునుంచి వచ్చావు బాబూ?" అని అడిగారు. తనని నాకివ్వడానికి ఆయన ఒప్పుకున్నది ఆ చెప్పులు చూసేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఈ పిచ్చి ఆయనొక్కరిదే అయితే సరిపెట్టుకునేవాళ్ళం. వీళ్ళకో సంఘం ఉంది, నాచు మిత్ర సంఘం. మొత్తం పద్దెనిమిది మంది. సెక్రటరీ ఒక పళ్ళ డాక్టరు. ఇద్దరు రిటైరైన టీచరమ్మలున్నారు, సొంత అక్కాచెల్లెళ్ళు, ఉండేది ఒకే ఇంట్లో. పదకొండేళ్ళ కిందట ఒక నాచు ఏ రకమన్న దగ్గర మాటామాటా వచ్చి అప్పట్నుంచీ మాట్లాడుకోరు. వీళ్ళంతా నెలకోసారి ఏదో ఒక పాత గోడ దగ్గర కలుస్తారు. మోకాళ్ళ మీద కూచుని, ముక్కులు గోడకి ఆనించి, గంటసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతారు. ఒకసారి ఎవరో వీళ్ళు గోడకి కన్నం వేస్తున్నారని పోలీసులకి ఫోన్ చేశారు. వచ్చిన కానిస్టేబులు చేతికి కూడా ఒక భూతద్దం ఇచ్చి చూడమన్నారు. ఆయన ఇప్పుడు పద్దెనిమిదో సభ్యుడు.

వీళ్ళందరికీ పైన డాక్టరమ్మ. మందులిచ్చే డాక్టరు కాదు. యూనివర్సిటీలో నాచుల మీద చదివి, నాచుల గురించి పాఠం చెప్పి, ఆ నాచుల మీదే బతికే మనిషి. వీళ్ళు సరదాకి చేసేది ఆవిడకి వృత్తి. ఈ చుట్టుపక్కల ఏ రకం ఎక్కడుందో, మొదట ఎవరు కనిపెట్టారో రాసే జాబితా ఆవిడ చేతిలో ఉంటుంది. అయిదేళ్ళకోసారి అచ్చవుతుంది. మొక్క పేరు, పక్కనే కనిపెట్టినవారి పేరు. పళ్ళ డాక్టరు పేరు అందులో రెండుసార్లుంది. ఆ సంగతి పన్ను పీకేటప్పుడు కూడా చెబుతాడు, మన నోట్లో ఆయన చెయ్యి ఉంటుంది కాబట్టి ఏమీ అనలేం. నిన్నగాక మొన్న చేరిన కానిస్టేబులు పేరు కూడా ఎక్కింది, స్టేషన్ వెనక గోడ పుణ్యమా అని. మా మామయ్య పేరు మాత్రం లేదు.

ప్రయత్నించక కాదు. ఈ విద్యలో నోటిమాట చెల్లదు, ఫోటో చెల్లదు. మొక్కని గోరంత తీసి, కాగితంలో పొట్లం కట్టి, పైన నంబరూ తేదీ వేసి పంపాలి. పొట్లం ఎవరిదో పేరు వాళ్ళది. మామయ్య ముప్పై ఏళ్ళలో మూడొందల పదకొండు పొట్లాలు పంపారు. మూడొందల పదకొండు కార్డులు తిరిగొచ్చాయి. "పొట్లం అందింది. మామూలు రకమే." అన్నిటి మీదా అదే మాట. ఒక్క కార్డు మీద మాత్రం వేరేగా ఉంది. "పొట్లం అందింది. ఇది మొక్క కాదు. గిన్నెలు తోమే పీచు." దాన్ని కూడా ఆయన జాగ్రత్తగా దాచుకున్నారు. "మామూలు రకం కాదని ఒక్కసారైనా ఒప్పుకుంది చూశావా అల్లుడూ" అన్నారు. నవ్వాలో జాలిపడాలో తెలియక నేను తల ఊపాను.

ఆయనకి డెబ్బై ఒకటి నిండాయి. ఈ ఏడు జాబితాలో పేరు పడకపోతే మళ్ళీ అయిదేళ్ళు ఆగాలి. "అప్పటికి నా మీదే నాచు మొలుస్తుంది" అన్నారు ఒకరోజు అన్నం తింటూ. మా ఆవిడ "ఏం మాటలు నాన్నా అవి" అని కసురుకుంది గానీ, ఆ పూట తను కూడా సరిగ్గా తినలేదు. ఆయనకి వేరే కోరికలేం లేవు. ఆ పుస్తకంలో ఒక్క వరసలో తన పేరు చూసుకోవాలి. అంతే.

ఆ మాటన్న వారానికే లీకు బయటపడింది. మా బాత్రూంకి వెళ్ళే పైపు పెరటి గోడని అంటిపెట్టుకుని బయటినుంచి పైకి వెళుతుంది. దాని మధ్యలో ఉన్న జాయింటు చెమర్చి, గోడ మీద మనిషెత్తు పొడవున తడిచార కనిపించింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేనేమో రచ్చ గెలిచి ఇంట్లో కారుతున్నాను. ఎవరి కంటా పడకముందే పని కానిద్దామని తెల్లారగానే నిచ్చెన వేసి, రెంచి పట్టుకుని ఎక్కాను.

"ఆగు! చెయ్యి తియ్యి!" అని కింద నుంచి కేక. పామేమో అనుకున్నాను. నిచ్చెన మీదే కొయ్యబారిపోయాను.

మామయ్య లుంగీ పైకి కట్టి, భూతద్దం కంటికి అతికించుకుని, గోడకి ముక్కు ఆనించి ఉన్నారు. జాయింటుకి రెండు మూరల కింద, తడిచార మధ్యలో, అరచెయ్యంత మేర పచ్చగా ఉంది.

"ఇదేంటో తెలుసా?" అన్నారు.

"నా పరువండీ" అన్నాను. "కారిపోతోంది."

ఆయన వినిపించుకోలేదు. నన్ను కిందికి దింపి, మెడ వంచి, భూతద్దంలోంచి చూడమన్నారు. నాచుకి దగ్గరి చుట్టం ఇంకోటి ఉందట. ఇంగ్లీషులో లివర్‌వర్ట్ అంటారు. ఆకు వేరు, కాడ వేరు అని ఉండదు. ఆకుపచ్చ రిబ్బను ముక్కలు గోడకి అతికించినట్టు పరుచుకుని ఉంటుంది. అందులోనూ ఇది అలాంటిలాంటిది కాదు, బారెడు లాటిన్ పేరున్నది. ఈ చుట్టుపక్కల ఎవరూ ఎప్పుడూ చూడనిది.

"ఇరవై ఏళ్ళుగా పుస్తకంలో దీని బొమ్మ చూస్తున్నాను" అన్నారు. "ఊరంతా తిరిగాను. నా పెరట్లోనే ఉంది అల్లుడూ."

"మరింకేం, పొట్లం కట్టి పంపెయ్యండి. నేను పైపు బిగించుకుంటాను."

"ఇప్పుడు తీస్తే లాభం లేదు. కాయ కాయాలి. కాయ లేకపోతే ఇదేనని ఎవరూ ఖాయం చెయ్యలేరు. తెల్లటి దారం లేచి, దాని మీద గుండుసూది తలంత నల్లటి కాయ వస్తుంది. ఒక్క రోజుంటుంది, పగిలిపోతుంది. ఆ రోజు డాక్టరమ్మ వచ్చి కళ్ళారా చూడాలి."

"ఎప్పుడు కాస్తుంది?"

"నెల కావచ్చు. నాలుగు నెలలు కావచ్చు. అందాకా లీకు ఆగకూడదు."

ఇరవై మూడేళ్ళ నా సర్వీసులో ఎవరూ నాతో అనని మాట అది. అంతటితో అయిపోలేదు. ఆయన వాచీ పట్టుకుని చుక్కలు లెక్కపెట్టారు. నిమిషానికి ఇరవై రెండు. అంతకి తగ్గితే మొక్క ముడుచుకుంటుందట, పెరిగితే కొట్టుకుపోతుందట. కాబట్టి ఇరవై రెండు చుక్కలే కారాలి, పగలూ రాత్రీ. ఆ బాధ్యత నాది.

బిగించడం ఎవడైనా చేస్తాడు. సరిగ్గా ఇంతే కారేలా వదిలిపెట్టడం ఎంత కష్టమో చేస్తేగాని తెలియదు. వెంట్రుకవాసి తిప్పితే పద్దెనిమిది. ఇంకో వెంట్రుకవాసి వెనక్కి తిప్పితే ముప్పై. ఎండెక్కితే పైపు సాగి ఒక లెక్క, సాయంత్రం చల్లబడితే ఇంకో లెక్క. పనికి వెళ్ళేముందు ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఒకసారి, సాయంత్రం ఒకసారి నిచ్చెనెక్కి సవరించేవాణ్ణి. మా ఆవిడ మేడ మీద కిటికీలోంచి చూస్తూ, "లీకు ఆపలేని ప్లంబర్లని చూశాను గానీ, లీకు ఆగిపోతుందేమోనని బెంగపడే ప్లంబర్ని మిమ్మల్నే చూస్తున్నాను" అనేది.

తనకి మాత్రం తక్కువ అవస్థా? మేడ మీద కుళాయి తిప్పితే పైపులో ఒత్తిడి పడిపోయి చుక్కలు ఆగిపోతాయి. అందుకని స్నానానికి మూడు నిమిషాలు గడువు పెట్టారు మామయ్య. గడువు దాటితే కింద నుంచి గరిటెతో పైపు మీద టంగు టంగుమని కొట్టేవారు. మా ఆవిడ తల మీద సబ్బు నురగతోనే కిటికీలోంచి తల బయట పెట్టి, "నాన్నా, నేను నీ కూతుర్ని!" అని అరిచేది. "తెలుసమ్మా, నాలుగో నిమిషం" అనేవారు ఆయన. బట్టలు పెరట్లో ఉతకడానికి వీల్లేదు, సబ్బు నీళ్ళు చింది గోడ మీద పడతాయి. గోడ లోపలి వైపు మామయ్య పడకగది. అక్కడ సున్నం పొంగి పెచ్చులుగా ఊడి ఆయన దిండు మీద పడేది. దులుపుకుని పడుకునేవారు.

బయట నా సంగతి అడక్కండి. పక్కింటాయన గోడ మీదుగా తొంగిచూసి, "ఏం గురూ, సామాను దొరకలేదా? మా ఇంట్లో రెంచి ఉంది, ఇవ్వనా?" అని రోజూ అడిగేవాడు. నాలుగేళ్ళుగా నన్నే పిలిచే ఒక హోటలు యజమాని, "సొంత ఇంట్లో పైపే కారుతోందటగా" అని వేరేవాణ్ణి పిలుచుకున్నాడు. ఆ కడుపుమంటలో ఉండగా పళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు. మామయ్య గోడ సంగతి ఆయనకి తెలిసిందట. తన క్లినిక్ వెనక గోడకి కూడా నిమిషానికి ఇరవై రెండు చుక్కలు పడేలా ఒక లీకు పెట్టాలట. పదిహేను రోజుల్లో అలాంటివి ఏడు పిలుపులొచ్చాయి. టీచరమ్మలిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఫోన్ చేశారు. "నిమిషానికి ఇరవై మూడు పెట్టు బాబూ, మా అక్కా అడిగే ఉంటుంది, ఆవిడ కంటే ఒకటి ఎక్కువ" అంది చిన్నావిడ. ఊళ్ళో మంచి మంచి గోడలన్నీ నా చేత్తో పాడుచేసి వచ్చాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చి అద్దంలో మొహం చూసుకోవాలంటే సిగ్గేసేది.

అయినా ఒక మాట దాచకుండా చెప్పాలి. రోజుకి మూడుసార్లు ఆ గోడ దగ్గరికి వెళ్ళి వెళ్ళి, నాకూ చూపు అలవాటైంది. చుక్క పడ్డ చోట ఆ పచ్చటి అంచులు ఎలా మెరుస్తాయో, ఏ మూల కొత్త చిగురు చీలిందో, అడక్కుండానే మామయ్యకి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన పొద్దున్నే దాని ముందు స్టూలు వేసుకుని కాఫీ తాగేవారు. ఒక్క ముక్క కూడా తెంపలేదు. వేలు కూడా తగలనిచ్చేవారు కాదు. "కాయ కాయనీ" అనేవారు, అంతే.

తొంభై నాలుగో రోజు ఉదయం కింద నుంచి గరిటె చప్పుడు వినిపించింది. ఎవరూ స్నానం చెయ్యడం లేదు. పరుగెత్తుకెళ్ళి చూస్తే మామయ్య గోడ ముందు మోకాళ్ళ మీద ఉన్నారు. కళ్ళనిండా నీళ్ళు. పచ్చటి రిబ్బన్ల మధ్యలోంచి తెల్లటి దారాలు ఆరేడు లేచి, వాటి మీద నల్లటి తలలు నిగనిగలాడుతున్నాయి.

"లేచింది అల్లుడూ. ఫోన్ చెయ్యి. అందరికీ చెయ్యి."

తొమ్మిదిన్నరకల్లా మా పెరడు నిండిపోయింది. సంఘంలో మామయ్య పోగా మిగిలిన పదిహేడు మందీ వచ్చారు. కానిస్టేబులు డ్యూటీలోంచి యూనిఫాంలోనే వచ్చాడు. అది చూసి పక్కింటాయన లీకుకి అరెస్టు చేస్తారేమోనని గోడ మీదికి పూర్తిగా ఎక్కి కూచున్నాడు. ఆఖర్న డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చేతిలో తోలుసంచితో ఉంది. ఎవరినీ పలకరించకుండా సరాసరి గోడ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూచుని, భూతద్దం తీసింది. ఇరవై నిమిషాలు కదల్లేదు. నేనైతే చుక్కలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

డాక్టరమ్మ లేచి, మోకాళ్ళు దులుపుకుని, మామయ్య వైపు తిరిగి, "అదేనండీ. సందేహం లేదు" అంది.

మామయ్య భూతద్దం చొక్కాకి తుడుచుకున్నారు. మా ఆవిడ ఆయన భుజం పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్ళకి ఆయన్ని నమ్మారు. నాకు కూడా కళ్ళు చెమర్చాయి, ఎందుకు అబద్ధమాడాలి.

ఇక్కడ ఆగి ఉంటే కథ సుఖాంతమే. కానీ వీళ్ళకో పద్ధతుంది. చూసినది చూసినట్టు ఎవరూ నమ్మరు, ఎవరి పొట్లం వాళ్ళకుండాలి. కొత్త మొక్క దొరికిన చోట వచ్చినవాళ్ళంతా తలా గోరంత తీసుకుంటారు. అంతకన్నా ఎక్కువ తీసుకుంటే దొంగతనం కింద లెక్క. అసలు తీసుకోకపోతే కనిపెట్టినవాణ్ణి అవమానించినట్టు. ముందు పెద్దలు, తర్వాత సభ్యులు, అందరికన్నా ఆఖర్న కనిపెట్టినవాడు తీసుకోవాలి. విందులో ఇంటాయన ఆఖర్న కూచున్నట్టన్నమాట.

డాక్టరమ్మ ముందుగా తీసింది. యూనివర్సిటీకి ఒక గోరంత. వేరే ఊరి మ్యూజియానికి ఒక గోరంత. ఇది ఇదేనని ఇంకోసారి ఖాయం చెయ్యాల్సిన విదేశీ పండితుడికి ఒక గోరంత. సీసాలో స్పిరిట్‌లో వెయ్యడానికి ఒకటి. తర్వాత పళ్ళ డాక్టరు. పళ్ళ గార తీసే కొక్కెంతో చిగురుకి నొప్పి తెలియకుండా లేపి పొట్లంలో పెట్టుకున్నాడు. తర్వాత టీచరమ్మలు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు గదా, ఒకటి చాలదా అంటే, "ఆవిడ పొట్లం నేను ముట్టుకోను" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. పదకొండేళ్ళలో వాళ్ళు ఒక మాట మీద నిలబడడం అదే మొదటిసారి.

వరస నడుస్తోంది. అరచెయ్యంత పచ్చదనం మూడు వేళ్ళంత అయింది. రెండు వేళ్ళంత అయింది. మామయ్య దగ్గరికి వెళ్ళి చెవిలో, "మామయ్యా, అయిపోతోందండీ. మీది ముందు తీసుకోండి" అన్నాను.

"తప్పు. ఇంటికొచ్చినవాళ్ళు" అన్నారు ఆయన. చేతిలో పొట్లం సిద్ధంగా ఉంది. తెల్లవారుజామునే లేచి మడిచినది. మీద ముత్యాల్లాంటి అక్షరాలతో తన పేరు, తేదీ, నంబరు మూడొందల పన్నెండు.

"ఎవరూ ఎక్కువ తీసుకోవడం లేదు చూడు. గోరంతే" అన్నారు మళ్ళీ, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. నిజమే, ఎవరూ ఎక్కువ తీసుకోలేదు. మర్యాద తప్పలేదు. తిలా పాపం తలా పిడికెడన్నారు, ఇక్కడ తలా గోరంత. కానిస్టేబులు ఆఖరి సభ్యుడు. మోకాళ్ళ మీద కూచుని, టోపీ తీసి పక్కన పెట్టి, చాలాసేపు వెతికి, ఒక గోరంత గీరి తీసుకున్నాడు. పైకి లేస్తూ, "మీరు రండి సార్" అని మామయ్యకి దారి ఇచ్చాడు.

మామయ్య ముందుకి వెళ్ళి భూతద్దం పెట్టారు. గోడ తడిగా, శుభ్రంగా ఉంది. అంత శుభ్రంగా ఉన్న గోడ మా ఇంట్లో ఇంకోటి లేదు.

"కాస్త కింద చూడండి" అన్నాడు పళ్ళ డాక్టరు. చూశారు. "ఎడమ పక్క" అంది పెద్ద టీచరమ్మ. చూశారు. అందరూ చూశారు. పక్కింటాయన కూడా తన వైపు గోడ చూసుకుని వచ్చాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరైనా ఒకరు వెనక్కిచ్చెయ్యండి" అన్నాను గట్టిగా. "ఆయన గోడండీ! ఆయన మొక్క! నా లీకు!"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "నంబరు వేసేశాను బాబూ" అంది చిన్న టీచరమ్మ. పొట్లానికి నంబరు పడ్డాక తెరిచి ఇంకొకరికివ్వడం ఈ విద్యలో మహాపాతకమట. అందరూ వేసేశారు. ఆ ఒక్క పనీ అందరూ చకచకా చేసుకున్నారు. నేను డాక్టరమ్మ వైపు తిరిగాను. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"పొట్లం లేనివారి పేరు జాబితాలో రాయడానికి వీల్లేదండీ" అంది మామయ్యతో. "నాకూ మనసొప్పడం లేదు. కానీ ఆ రూలు రాసింది నేనే. సడలిస్తే రేపు ప్రతివాడూ చూశానంటాడు." సంచిలోంచి ఫారం తీసి, గోడకానించి రాసింది. కనిపెట్టినవారికి పొట్లం లేకపోతే, మొదటి పొట్లం ఎవరిదో వారే కనిపెట్టినవారు. మొదటి పొట్లం ఆవిడదే. తన పేరు తనే రాసుకుంది. ప్రస్తుత స్థితి అన్నచోట "అంతరించింది" అని రాసింది. కనిపెట్టిన తేదీ, అంతరించిన తేదీ ఒకటే.

వెళ్ళేముందు మామయ్య చెయ్యి పట్టుకుంది. "జాబితా అచ్చుకి వెళ్ళడానికి ఇంకా పది రోజులుంది. ఎక్కడైనా ఒక్క గోరంత దొరికితే, సగం గోరంత దొరికినా, పొట్లం కట్టి ఉంచండి. నేనే వచ్చి నా పేరు కొట్టేసి మీది రాస్తాను. మాటిస్తున్నాను." మాట తప్పే మనిషిలా లేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. తిట్టుకోవడానికి కూడా పనికిరాదు ఆవిడ.

జనం వెళ్ళిపోయారు. మామయ్య ఖాళీ పొట్లం చేత్తో పట్టుకుని స్టూలు మీద కూలబడ్డారు. మా ఆవిడ ఆయన తల నిమురుతూ నావైపు చూసి, "ఇంకెందుకండీ ఆ లీకు. వెళ్ళి బిగించెయ్యండి" అంది. మూడు నెలలుగా ఎదురుచూసిన మాట. తీరా విన్నాక రెంచి ఎక్కడ పెట్టానో వెతుక్కోవాల్సి వచ్చింది.

నిచ్చెనెక్కాను. రెంచి పెట్టబోతూ, జాయింటుకీ గోడకీ మధ్య సందులోకి చూశాను. పచ్చటిది వెతికే అలవాటు. ఇన్నాళ్ళూ పైకెక్కితే చుక్కల లెక్కే తప్ప అటు కన్ను పోలేదు. చుక్క పుట్టే చోటే, పైపు నీడలో, కింద నుంచి చూసేవాళ్ళకి కనబడని చోట, పచ్చగా ఏదో ఉంది. సగం గోరంత. దాని మీద ఒకే ఒక్క తెల్లటి దారం, చివర నల్లటి తల. ఇంకా పగల్లేదు.

ఎలా దిగానో నాకే తెలియదు. "మామయ్యా! ఉంది! మీ పొట్లం తీసుకురండి!" అని అరిచాను. ఆనందంతో రెంచి కాలి మీద పడేసుకున్నాను.

ఆయన నిచ్చెనెక్కడానికి రెండు నిమిషాలు పట్టింది. మూడో మెట్టు దగ్గర మోకాలు పట్టేసింది. కింద మా ఆవిడా నేనూ చెరోపక్కా పట్టుకున్నాం. భూతద్దం పెట్టారు. చాలాసేపు చూశారు. చుక్కలు ఆయన చొక్కా మీద పడుతున్నాయి.

"ఇంకెక్కడైనా ఉందా?" అన్నారు పైనుంచే.

"లేదండీ. మొత్తం చూశాను. అదొక్కటే. అదే ఒక పొట్లానికి సరిపోతుంది."

ఆయన ఇంకాసేపు చూసి, మెల్లగా దిగారు. చిన్న చాకు తెచ్చి నేను చేతికివ్వబోయాను. తీసుకోలేదు. అప్పుడే మా ఆవిడ ఫోన్ మోగింది. డాక్టరమ్మ. ఇంకా ఇంటికి కూడా చేరి ఉండదు. మా ఆవిడ ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆవిడ గొంతు మాకు కూడా వినిపిస్తోంది. "మనసు ఊరుకోక చేశానండీ. పైపు దగ్గర ఏమైనా చూశారా? ఏదైనా మిగిలిందా? మా వాళ్ళందరినీ తీసుకుని ఇప్పుడే వెనక్కి వచ్చేస్తాను."

మామయ్య ఒకసారి పైకి, పైపు వైపు చూశారు. చెప్పండి మామయ్యా, అని నోటిదాకా వచ్చింది.

"లేదమ్మా" అన్నారు. "మా అల్లుడు నిచ్చెనెక్కి మొత్తం చూశాడు. ఏమీ లేదు. మీ పేరే ఉండనివ్వండి, ఫర్వాలేదు."

ఫోన్ ఆపి మా ఆవిడ చేతికిచ్చి, పొట్లం మీద తన పేరు ఒకసారి చూసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"నాన్నా! జీవితమంతా దీనికోసమే గదా! ఎందుకలా అబద్ధం చెప్పావు?" అంది మా ఆవిడ. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"నిజం చెబితే మళ్ళీ వస్తారమ్మా" అన్నారు.

నేను రెంచి తీసుకుని మళ్ళీ పైకెక్కాను. నిచ్చెన దిగేటప్పుడు మామయ్య మోచెయ్యి తగిలిందో ఏమో, జాయింటు కాస్త బిగుసుకుని చుక్కలు తగ్గిపోయాయి. వెంట్రుకవాసి వెనక్కి తిప్పాను. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని, మేడ మీద కుళాయి ఏదైనా తెరిచి ఉందేమో చూడడానికి వెళ్ళింది.